సన్నాఫ్, వైఫాఫ్, పూంగావనం

పూంగావనానికి ఇంగ్లీషు రాదు. అయినా ఆ మాట ఆమె ముందు అనే ధైర్యం పుదుచ్చేరిలో ఎవరికీ లేదు. ఇంగ్లీషులో లక్ష మాటలున్నాయంటారు. అందులో ఒక్క మాట ఆమెకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఆ మాట ‘ఆఫ్’. లైటు ఆఫ్ చేయమంటామే, ఆ ఆఫ్ కాదు. సన్నాఫ్, డాటరాఫ్, వైఫాఫ్, కేరాఫ్ అంటామే, అది. డేటాఫ్ బర్త్ అన్నా అదే, కాజాఫ్ డెత్ అన్నా అదే. పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా సర్కారు మనిషిని పట్టుకునేది ఆ బుల్లి మాటతోనే అని ఆమె గట్టి నమ్మకం.

ఆమె పని ఫారాలు నింపడం. ఒక సర్కారు ఆఫీసు కాంపౌండు గోడ బయట, బాదం చెట్టు నీడలో ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే పని. ఏ ఆఫీసో చెప్పను. చెబితే వాళ్ళకు కోపం వస్తుంది, నాకెందుకొచ్చిన గొడవ! వీరాంపట్టినం నుంచి చేపలమ్మే ఆడవాళ్ళు, కిరుమాంబాక్కం నుంచి రైతులు, మిల్లు వీధుల నుంచి ముసలివాళ్ళు, అందరూ ముందు ఆమె దగ్గరికి వచ్చి ఆ తర్వాతే గేటు దాటుతారు. ఇప్పుడు అన్నీ కంప్యూటర్లోనే కదా అంటారేమో. నిజమే. కానీ ఎదురుగా ఉన్న కంప్యూటర్ సెంటర్ పిల్ల కూడా, “ముందు పూంగావనం ఆంటీ దగ్గర రాయించుకుని రండి, దాన్ని చూసి నేను కొడతా” అని పంపిస్తుంది.

పూంగావనం వాళ్ళది తెలుగు ఇల్లే. మూడు తరాల కింద మిల్లు పనికని వచ్చి ముదలియార్‌పేటలో ఉండిపోయిన కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు కళ్ళ ముందు పెడితే మాత్రం, “ఏంది మా ఇది, జిలేబీలు చుట్టినట్టు!” అని నవ్వుతుంది. బడిలో పదో తరగతి దాకా చదివింది తమిళంలో. ఇంటిపేరు ఏమిటని అడిగితే తెల్లమొహం వేస్తుంది. వాళ్ళ వీధిలో తెలుగువాళ్ళకు ఇంటిపేర్లు తాతల నాడే ఎక్కడో జారిపోయాయి. తమిళుల పద్ధతిలో నాన్న పేరులో మొదటి అక్షరమే ఇనిషియలు. ఆడపిల్లకు పెళ్ళయితే మొగుడి పేరులో మొదటి అక్షరం. తండ్రి రంగనాథన్ కాబట్టి పెళ్ళికి ముందు ఆమె ఆర్. పూంగావనం. బస్సు డిపోలో మెకానిక్ అణ్ణాదురైని చేసుకున్నాక ఎ. పూంగావనం. లోకంలో ఇంకో పద్ధతి ఉంటుందని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

ఈ పనిలోకి ఎలా వచ్చిందంటే, కోపంతో వచ్చింది. ఇరవై రెండేళ్ళప్పుడు కొత్త కాపురానికి రేషన్ కార్డు కోసం ఇదే ఆఫీసు ముందు వరసలో నిలబడింది. అప్పట్లో ఆ గోడ పక్కన ఒక పెద్దమనిషి ఫారాలు రాసేవాడు. ఆయన అడిగిందే అడిగి, చెప్పిందంతా విని, చివరికి అణ్ణాదురై తండ్రి పేరు రాయాల్సిన చోట పూంగావనం తండ్రి పేరు రాసిచ్చాడు. ఆ లెక్కన మొగుడూ పెళ్ళాం అన్నాచెల్లెళ్ళయ్యారు! కౌంటర్లో వాళ్ళు పగలబడి నవ్వి ఫారం వెనక్కి తోశారు. ఇంకో రెండుసార్లు రాయిస్తే ఇంకో రెండు తప్పులు. నాలుగోసారి పూంగావనం ఆయన చేతిలో పెన్ను లాక్కుంది. “ఇయ్యి పెద్దాయనా, నా మొగుడెవురో నాకు తెలుసు, నేనే రాస్కుంటా” అంది. ఆ ఫారం చిటికెలో పాసైపోయింది. వెనకాల నిలబడ్డ ముసలమ్మ, “నాకూ రాసి పెట్టమ్మా” అంది. అంతే, ఇక లేచింది లేదు.

ఆమె రాసే పద్ధతి వేరు. మిగతావాళ్ళలా గడి గడికీ ఆగి అడగదు. ఫారాన్ని బోర్లా పెట్టి, ముందు మనిషి చేత మాట్లాడిస్తుంది. ఎక్కడ పుట్టావు, ఎవరి కడుపున పుట్టావు, ఎవరిని చేసుకున్నావు, పిల్లలెంత మంది, పోయినవాళ్ళు ఎట్లా పోయారు, అంతా కథలా చెప్పించుకుంటుంది. తర్వాత ఫారం తిప్పి, పై గడి నుంచి కింది గడి దాకా ఒక్క ఊపున రాసేస్తుంది. రాసేటప్పుడు మాత్రం ఎవరూ నోరు మెదపకూడదు. మెదిపితే, “చెప్పేది అయిపాయె కదా, ఊరుకో!” అని కసురుతుంది. ఆ కసురు దెబ్బకు తాసీల్దారైనా నోరు మూసుకోవాల్సిందే. ఒక్క ఫారం కూడా తిరిగి రాలేదు కాబట్టి ఆ గర్వం ఆమెకు చెల్లింది.

ఒకసారి సాయిరాం అనే కుర్రాడు వచ్చాడు. కాలాపేట యూనివర్సిటీలో ఇంగ్లీషు ఎమ్మే చదువుతున్నాడు. ఏదో సర్టిఫికెట్టు కోసం వచ్చి, ఈమె ‘ఆఫ్’ గొప్పలు విని ఊరుకోలేకపోయాడు.

“ఆంటీ, ఆఫ్‌కి డిక్షనరీలో ఎన్ని అర్థాలున్నాయో తెలుసా? రెండు పేజీలు!”

“రెండు పేజీలు నువ్వే పెట్టుకో తంబీ. నాకు నాలుగు చాలు” అని పూంగావనం వేళ్ళు మడిచింది. “ఎవురిది, యాడనించి, ఎన్నిట్లో, దేంతో. వైఫాఫ్ అంటే ఎవురిది. నేటివాఫ్ వీరాంపట్టినం అంటే యాడనించి. వన్నాఫ్ ది సన్స్ అంటే ఎన్నిట్లో. రింగాఫ్ గోల్డ్ అంటే దేంతో. ఏ ఆఫ్ తెచ్చినా ఈ నాలుగిట్లోనే పడాల.”

“మరి అఫ్రెయిడాఫ్ డాగ్స్?”

“బయం యాడనించి? కుక్కనించి. రెండోది.”

“కాజాఫ్ డెత్?”

“కారణం ఎవురిది? చావుది. మొదటిది. ఇంకా ఉండాయా?”

సాయిరాం కాసేపు తల గోక్కుని, “సిటీ ఆఫ్ పుదుచ్చేరి” అన్నాడు. పూంగావనం ఆగింది. ఊరు ఎవరిది? ఊరిదే. ఎక్కడి నుంచి? ఎక్కడి నుంచీ కాదు. పెన్ను చెవి వెనక పెట్టుకుని బాదం చెట్టు వైపు చూసింది. “సిటీ అన్నా పుదుచ్చేరి అన్నా రెండూ ఒకటే కదా ఆంటీ” అని కుర్రాడే దారి చూపించాడు. “అట్లయితే అయిదోది ఉండాది. రెండూ ఒకటే అని చెప్పేది” అని ఒప్పేసుకుంది. ఓడిపోయానని అనుకోలేదు, ఒకటి ఎక్కువ వచ్చిందనుకుంది. ఆ వారమంతా వచ్చిన ప్రతివాడికీ అయిదో ఆఫ్ గురించి చెప్పి చంపింది. “మన బాసలో అప్పారావు కొడుకు అంటే సరిపాయె. రెండు మాటలు పక్కపక్కన కూర్చుంటేనే చుట్టరికం వచ్చేస్తాది. తెల్లోడికి అట్ల కుదర్దు, మద్దెలో తాడు కట్టాల” అని దాని మీద ఉపన్యాసం కూడా ఇచ్చింది.

అంత మనిషి పప్పులో కాలేసింది. ఎట్లాగంటారా, చెప్తాను.

ఒక సోమవారం పొద్దున నూకాలమ్మ అనే ఆమె వచ్చింది. ఊరు యానాం. అక్కడివాళ్ళ కాగితాలు అక్కడి ఆఫీసులోనే పడతాయి కాబట్టి పూంగావనం చేతికి యానాం ఫారం రావడం అదే మొదటిసారి. మొగుడు త్రిమూర్తులు నీళ్ళ పంపులు చూసే సర్కారు ఉద్యోగి. బదిలీ మీద పుదుచ్చేరి వచ్చిన రెండో ఏడు గుండెపోటుతో పోయాడు. ఉద్యోగంలో ఉండగా పోయినవాళ్ళ ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు కదా, దానికి అప్లికేషను పెట్టాలి. మనిషి పోయిన ఏడాది లోపల పెట్టాలని రూలు. ఆ ఏడాది ఆ శుక్రవారంతో నిండుతుంది. ఇన్నాళ్ళూ ఏం చేసిందయ్యా అంటే, ఎవరిని అడగాలో తెలియక, కాలాపేటలో ఒక మెస్సులో కూరలు తరుగుతూ, ఇద్దరు ఆడపిల్లల్ని బడికి పంపుతూ ఉండిపోయింది. పెద్దపిల్ల అభినయ తొమ్మిదో తరగతి. ఈ ఉద్యోగం రాకపోతే ఆ పిల్ల కూడా తనతో పాటు కూరలు తరగాల్సిందేనని ఆమె బెంగ.

పూంగావనం ఫారం బోర్లా పెట్టి కథంతా చెప్పించుకుంది. “వాళ్ళప్ప పేరేంది?” అని అడిగింది.

“మా మాంగారాండీ? అప్పారావుగారండి.”

డిపార్టుమెంటు వాళ్ళిచ్చిన కాగితం జిరాక్సులో ‘పి. త్రిమూర్తులు’ అని ఉంది. భార్య ‘పి. నూకాలమ్మ’. పూంగావనం ముక్కు మీద వేలేసుకుంది. అప్పారావు కొడుక్కి ‘పి’ యాడనించి వస్తుంది? ‘ఎ’ కదా రావాల! త్రిమూర్తులు పెళ్ళానికి ‘టి’ కదా రావాల! ఈ ఆఫీసోళ్ళకు కళ్ళు నెత్తి మీద ఉంటాయి, ఏది పడితే అది రాసి పడేస్తారు అని గొణుక్కుంటూ ఫారం తిప్పింది. ఎ. త్రిమూర్తులు, సన్నాఫ్ అప్పారావు. టి. నూకాలమ్మ, వైఫాఫ్ త్రిమూర్తులు. ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది.

మధ్యలో నూకాలమ్మ మెడ చాచి చూసి, “అక్కా, అది కాదండి...” అని నోరు తెరిచింది.

“చెప్పేది అయిపాయె కదా, ఊరుకో మా!” అంది పూంగావనం. నూకాలమ్మ ఊరుకుంది. ఇంగ్లీషు తెలిసిన మనిషి, పెద్దామె, ఆమెకు తెలియదా అనుకుంది పాపం.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి కౌంటరు గుమాస్తా గుణశేఖరన్ గేటు దాటి చెట్టు కిందికి వచ్చాడు. అతను లోపలి నుంచి బయటికి నడిచి రావడం పూంగావనం ఎప్పుడూ చూడలేదు. ఇద్దరూ తమిళంలోనే మాట్లాడుకుంటారు. “అక్కా, నువ్వు పంపిన యానాం అమ్మ ఫారం నిలబడిపోయింది” అన్నాడు. “సర్వీసు పుస్తకంలో ఉన్నది పి. త్రిమూర్తులు, పి. నూకాలమ్మ. ఫారంలో ఉన్నది ఎ. త్రిమూర్తులు, టి. నూకాలమ్మ. వీళ్ళెవరక్కా? చచ్చిపోయినవాడు ఒకడు, ఉద్యోగం అడిగేది ఇంకొకడి పెళ్ళామా?”

“మీ పుస్తకమే తప్పు తంబీ” అంది పూంగావనం, తొణక్కుండా.

“ఆమెను పిలిపించు. ఈ రోజే ఆఖరు” అని గుణశేఖరన్ లోపలికి పోయాడు.

ఫోను చేస్తే నూకాలమ్మ మెస్సులో కత్తిపీట వదిలేసి, బస్సు పట్టుకుని, గంటలో ఊడిపడింది. చేతులకు ఇంకా కూరల మరకలున్నాయి. పూంగావనం అడిగింది, “పి అంటే ఏంది మా?”

“పెమ్మాడండి. మా ఇంటిపేరు. మాకు పేరు ముందు ఇంటిపేరే వస్తాదండి, నాన్న పేరు కాదు. మా ఆయనది పెమ్మాడే, పెళ్ళయ్యాక నాదీ పెమ్మాడే, పిల్లలదీ పెమ్మాడే.”

పూంగావనానికి అప్పుడు వెలిగింది. సర్కారు కాగితం సరిగ్గానే ఉంది. ఉన్నదాన్ని దిద్దింది తను. అడక్కుండా దిద్దింది, చెప్పబోతే నోరు మూయించి మరీ దిద్దింది. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటి తప్పు, అదీ ఒక తెలుగు ఆడదాని ఫారం ఇంకో తెలుగు ఆడది చెడగొట్టడం! తనను అణ్ణాదురైకి చెల్లెల్ని చేసిన పెద్దమనిషి గుర్తొచ్చాడు. ఆయనకూ తనకూ తేడా ఏముంది?

అయినా కూర్చుని కుమిలే రకం కాదు. చెప్పులు తొడుక్కుంది, నూకాలమ్మ చెయ్యి పట్టుకుంది, కౌంటరు దగ్గరికి నడిచింది. “కొత్త ఫారం ఇయ్యి తంబీ, అయిదు నిమిషాల్లో రాసిస్తా.”

“కుదరదక్కా. దీనికి సోమవారమే నంబరు పడింది. ఒక చావుకు ఒక్క అప్లికేషనే. రెండోది పెడితే రెండూ పోతాయి. ఉన్నదాన్నే దిద్దాలి.”

“అయితే దిద్దు.”

గుణశేఖరన్ ఫారం ఇవతలికి తిప్పి, అట్టడుగున ఉన్న గడి మీద వేలు పెట్టాడు. ‘ఫారం నింపినవారు’ అని ఉంది అక్కడ. దాని ఎదురుగా ‘సెల్ఫ్’ అని పూంగావనం రాత. అన్ని ఫారాల మీదా అట్లాగే రాసేది. ఎవరి ఫారం వాళ్ళే నింపుకున్నట్టు. ఎందుకంటే రెండేళ్ళ కిందట గేటు పక్కన ఒక బోర్డు పెట్టారు, బయటివాళ్ళు ఈ ఆవరణ దగ్గర కూర్చుని ఫారాలు నింపకూడదని. పూంగావనం ఆ బోర్డు మేకుకే తన సంచీ తగిలించుకుని పని కానిచ్చేది. ఆఫీసువాళ్ళకు తెలియక కాదు. కాగితం మీద లేనిది కంట్లో పడదు, అంతే.

“సెల్ఫ్ అని ఉందంటే తప్పు ఈమె చేసినట్టు” అన్నాడు గుణశేఖరన్. “అప్లికేషను పెట్టినవాళ్ళే తప్పు వివరం ఇస్తే విచారణ జరగాలి. యానాం దాకా కాగితం పోవాలి, రావాలి. ఆరు నెలలు. ఈలోపల గడువు దాటిపోతుంది. తర్వాత పైవాళ్ళు దయ తలిస్తే చూడాలి. ఇంకో దారి, రాసినవాళ్ళు ఎవరో వచ్చి, రాతలో పొరపాటు నాదే అని ఆఫీసర్ మేడం ఎదుట రాసిచ్చి సంతకం పెట్టాలి. అప్పుడు ఈ రోజే దిద్దేయొచ్చు.” అని ఆగి, గొంతు తగ్గించాడు. “అక్కా, నువ్వు రాసివ్వొద్దు. రాసిస్తే నీ పేరు ఫైలెక్కుతుంది. ఆ తర్వాత ఆ బోర్డు అక్కడ ఊరికే ఉండదు. నిన్ను లేపేస్తారు.”

నూకాలమ్మకు తమిళం పూర్తిగా రాకపోయినా సంగతి అర్థమైంది. “వద్దండి అక్కా” అంది. “నేనే తప్పు సెప్పానని రాసేయండి. మీ కూడు నేను పడగొట్టలేనండి. ఆరు నెలలే కదా, ఆగుతాను. ఇన్నాళ్ళు ఆగలేదేటి?”

అబద్ధమెందుకు, ఆ మాట పూంగావనానికి ఒక్క క్షణం చల్లగానే తగిలింది. ఆ గోడ, ఆ నీడ, పొద్దున తొమ్మిదింటికల్లా తన కోసం కాచుకునే జనం, ఇవి తప్ప ఆమెకు వేరే లోకం లేదు. అణ్ణాదురై రిటైరయ్యాక ఇల్లు గడుస్తున్నది కూడా దీని మీదే. పైగా ఎదుటి మనిషే తనంతట తాను వద్దంటోంది. కానీ ‘దయ తలిస్తే’ అనే మాట బరువెంతో ఆ గేటు ముందు ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చున్న మనిషికి చెప్పనక్కర్లేదు. దయ తలిచేవాళ్ళ కోసం వరసలో నిలబడి నిలబడి జుట్టు నెరిసినవాళ్ళు ఆమెకు పేరుపేరునా తెలుసు. నూకాలమ్మ చేతుల మీది మరకలు చూసింది. తొమ్మిదో తరగతి పిల్ల సంగతి తలుచుకుంది. ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

“నోరు మూసుకో మా!” అంది నూకాలమ్మతో. “నువ్వు సరిగ్గానే చెప్పినావు. విననిది నేను. నా తప్పుకి నువ్వు ఆరు నెలలు కాచుకుంటావా? తంబీ, మేడం గది యాడ?”

ఆఫీసర్ మేడం పేరు నాగశ్రీ. ముప్పై అయిదేళ్ళు ఉండవు. ఆర్నెల్ల కిందటే బదిలీ మీద యానాం నుంచి వచ్చింది. రోజూ పొద్దున కారు దిగి, చెట్టు కింద ఉన్న పూంగావనం పక్క నుంచే లోపలికి పోతుంది, ఏనాడూ తల తిప్పి చూడకుండా. పూంగావనం వెళ్ళి బల్ల ముందు నిలబడింది. ఎదుటి మనిషిది తెలుగని తెలుసు కాబట్టి తెలుగులోనే మొదలుపెట్టింది.

“మేడం, ఈ ఫారం రాసింది ఈమె కాదు. నేను. తప్పు నాది.”

నాగశ్రీ పెన్ను కింద పెట్టింది. “కొంచెం ఆలోచించి మాట్లాడండి. నేను విన్నాక విననట్టు ఉండలేనండి.”

“వినాలనే చెప్తా ఉండా. వాళ్ళ పక్క పేరు ముందు ఇంటిపేరు వస్తాదని నాకు తెలీదు. మా పక్క వచ్చినట్టు నాన్న పేరు, మొగుడి పేరు పెట్టినా. ఈమె చెప్పబోయింది, నేనే గదిమినా.”

నాగశ్రీ ఫారమూ సర్వీసు పుస్తకమూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. పెదవి చివర కొద్దిగా నవ్వు వచ్చి పోయింది. “మాది యానామేనండి. పెమ్మాడివారు ఎవరో నాకు బాగా తెలుసు. ఈవిడ ఆ త్రిమూర్తులుగారి భార్యేనని చూడగానే తెలిసింది. కానీ నాకు తెలిస్తే చాలదు, ఫైలుకి తెలియాలి. ఫైలుకి తెలియాలంటే మీరు రాసివ్వాలి. రాసిస్తే ఏమవుతుందో తెలుసా?”

“తెలుసు. గుణశేఖరన్ చెప్పినాడు.”

“ఫారం నింపినవారి పేరు నిజం రాస్తే ఫారానికి ఏ నష్టమూ లేదండి. ఎవరి ఫారమూ దాని వల్ల ఆగదు. నష్టం నింపినవాళ్ళకే.”

“సరి మేడం. కాగితం ఇయ్యండి.”

గుణశేఖరన్ వాంగ్మూలం కాగితం తెచ్చిపెట్టాడు. పేరు, వయసు, ఊరు. పూంగావనం నిలబడే రాసుకుంటూ పోయింది. జరిగింది జరిగినట్టు నాలుగు ముక్కల్లో రాసింది. చివర ఒక గడి ఉంది: అప్లికేషను పెట్టినవారికీ మీకూ సంబంధం ఏమిటి? అక్కడ పెన్ను ఆగింది.

“అక్క అని రాసేయండి” అంది నూకాలమ్మ, కన్నీళ్ళు తుడుచుకుంటూ. “సొంత అక్క కూడా ఇంత సెయ్యదండి.”

“సిస్టర్ ఆఫ్ అని రాసేయక్కా” అన్నాడు గుణశేఖరన్ కూడా. “చుట్టం సాయం చేసింది అన్నట్టుంటుంది. బోర్డు గొడవ రాదు.”

నాగశ్రీ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. కావాలనే ఇటు చూడడం లేదని పూంగావనానికి తెలుసు. ఆ ఒక్క మాట రాసేస్తే గోడా నీడా తనకు దక్కుతాయి. గదిలో ముగ్గురూ దానికి ఒప్పుకున్నట్టే.

కానీ పూంగావనానికి అక్క అని రాయడం ఇష్టం లేకపోయింది. అబద్ధమని ఒకటి. ఇంకోటి, ఇన్నేళ్ళూ లక్షమందికి సన్నాఫ్, డాటరాఫ్, వైఫాఫ్ రాసి పెట్టిన మనిషి, తన సంగతి రాయాల్సి వచ్చిన ఒక్కసారి దొంగ చుట్టరికం రాయడమా? తను ఈమెకు ఏమవుతుందో తనకు తెలుసు. రాసినామె అవుతుంది. అది చిన్న సంగతి కాదు. ఆమె వెన్ను నిటారుగా పెట్టి, పెద్ద అక్షరాలతో ‘రైటర్ ఆఫ్ ది అప్లికేషన్’ అని రాసింది. కింద సంతకం పెట్టి కాగితం మేడం ముందుకు తోసింది.

నాగశ్రీ అది చదివి ఒకసారి తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. ఆర్నెల్లలో అదే మొదటిసారి. తర్వాత ఎర్ర సిరాతో ‘ఎ’ కొట్టేసి ‘పి’ రాసింది, ‘టి’ కొట్టేసి ‘పి’ రాసింది, పక్కన పొట్టి సంతకాలు చేసి సీలు వేయించింది. “నూకాలమ్మగారూ, మీ అప్లికేషను గడువు లోపలే అందింది. ఇంక దీన్ని ఎవరూ ఆపరు” అంది. గోడ మీద గడియారం నాలుగు చూపిస్తోంది.

తర్వాత పూంగావనం వైపు తిరిగింది. గొంతు మెత్తగానే ఉంది కానీ మాట మాత్రం ఆఫీసుదే. “సోమవారం నుంచి మీరు ఆ గోడ దగ్గర కూర్చోకూడదండి. ఇప్పుడు ఇది కాగితం మీద పడింది. నేను చేయగలిగింది లేదు.”

“సోమవారం నించి కదా మేడం?”

“అవునండి.”

“కౌంటరు మూసేది అయిదున్నరకి. ఇంకా గంటన్నర ఉండాది” అంది పూంగావనం.

నాగశ్రీ గడియారం వైపు చూసింది. “ఉందండి” అంది.

మెట్లు దిగగానే నూకాలమ్మ వంగి కాళ్ళు పట్టుకోబోయింది. పూంగావనం రెక్క పట్టి లేవదీసింది. “లే మా, లే! కాళ్ళు పట్టుకోవాల్సింది నేను. ఆ పొద్దు నిన్ను మాట్లాడనిచ్చి ఉంటే ఇదంతా వచ్చేది కాదు. పో, ఇంటికి పోయి పెద్దపిల్లకి చెప్పు.” గట్టిగానే అంది కానీ, నూకాలమ్మ బస్సు వైపు పోయాక గేటు పక్కన నిలబడి కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. చాలా బాధేసింది ఆమెకు. ముప్పై ఒక్క ఏళ్ళంటే మాటలా? ఏడుపు అయ్యాక కుళాయి దగ్గర మొహం కడుక్కుని, చెట్టు కిందికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. వరసలో జనం కాచుకుని ఉన్నారు.

“తర్వాత ఎవురు?”

వీరాంపట్టినం నుంచి వచ్చిన చిన్నమ్మాళ్ అనే ముసలామె వృద్ధాప్య పెన్షను ఫారం చాచింది. పూంగావనం ఈసారి ఫారాన్ని బోర్లా పెట్టలేదు. ఇద్దరికీ కనపడేటట్టు అట్ట మీద పరిచింది. “చెప్పు పెద్దమ్మా. నేను రాస్తా ఉన్నా నువ్వు మాట్లాడ్తానే ఉండు. తప్పు రాస్తే చెయ్యి పట్టుకుని ఆపు” అంది తమిళంలో. ముసలామె బిత్తరపోయి, సరేనని తల ఊపింది.

అయిదున్నర దాకా పూంగావనం తొమ్మిది ఫారాలు నింపింది. తొమ్మిదింటి కిందా, ‘ఫారం నింపినవారు’ అన్న చోట, సెల్ఫ్ అని రాయలేదు. ఎ. పూంగావనం అని పూర్తిగా రాసి సంతకం పెట్టి, ఒక్కొక్కటే ఆరబెట్టి, మనిషి చేతికిచ్చి లోపలికి పంపింది.